రోజూ రాసే పెన్నులో ఏ ఇంకు పోయాలి? సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: డిగ్రీ పాసైనందుకు మామయ్య మంచి ఇంకు పెన్ను కొనిచ్చారు. పొరపాటు ఇంకు పోస్తే పెన్ను శాశ్వతంగా పాడవుతుందని స్నేహితులు భయపెడుతున్నారు. నెల రోజులుగా డబ్బాలోంచి తీయలేదు. మొదటి ఇంకు ఏది పోయాలి?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు ఆ పెన్ను బయటికి తీయండమ్మా, భయమేం లేదు. ఇంకు పెన్నుల కోసమే తయారైన మామూలు ఇంకులో ఎక్కువ భాగం నీళ్ళే, మిగతాది నీళ్ళలో కరిగే రంగు. అది నచ్చకపోతే నీళ్ళతోనే కడిగేయొచ్చు. మొదటి బుడ్డిగా వాషబుల్ బ్లూ అనో, రాయల్ బ్లూ అనో రాసి ఉన్నది తీసుకోండి. కామ్లిన్, పార్కర్ క్వింక్, పెలికన్ 4001, వీటిలో మీ ఊళ్ళో దొరికేది ఏదైనా సరే. పోసే ముందు మామూలు నీళ్ళు రెండు మూడు సార్లు పీల్చి వదిలితే తయారీలో మిగిలిన నూనె జిడ్డు పోతుంది. సీసా మీద డ్రాయింగ్ ఇంకు, అక్రిలిక్ ఇంకు, స్టాంప్ ప్యాడ్ ఇంకు అని ఉంటే మాత్రం దాన్ని పెన్ను దగ్గరికి రానివ్వకండి. జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ప్రశ్న: వారం కిందట మా మూడేళ్ళ బాబు బల్ల మీద ఉన్న నీలం ఇంకు ఒక గుక్క తాగేశాడు. నాలుక, పెదాలు నీలంగా అయ్యాయి, మర్నాడు విరేచనం కూడా రంగుగా వచ్చింది. ఇప్పుడు ఆడుకుంటున్నాడు, అన్నం తింటున్నాడు. అయినా లోపల విషం మిగిలి ఉంటుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: వారం గడిచింది, బాబు తింటున్నాడు, ఆడుతున్నాడు. ఇక మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు. మామూలు రాత ఇంకు ఒక గుక్కలో ఉండే రంగు చాలా తక్కువ. నాలుక నీలంగా మారడం, విరేచనంలో ఆ రంగు ఒకటి రెండు రోజులు కనిపించడం సహజమే. ఇలాంటిది ఎప్పుడైనా జరిగితే నోరు తడిగుడ్డతో తుడిచి, కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించండి. వేలు పెట్టి వాంతి చేయించకండి. డాక్టరుకు ఫోన్ చేసి సీసా మీదున్న పేరు చదివి వినిపించండి. వాంతులు ఆగకపోయినా, పిల్లాడు మగతగా ఉన్నా, దగ్గుతూ ఊపిరి కష్టంగా తీస్తున్నా సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఇంకొక్క మాట: ఆ వయసు పిల్లలకు ఇంకు కన్నా పెన్ను మూతతోనే ప్రమాదం ఎక్కువ. గొంతులో అడ్డం పడుతుంది. ముందు మూతలను అందనంత ఎత్తులో పెట్టండి.

ప్రశ్న: ఊళ్ళో దుకాణంలో నల్ల ఇంకు అడిగితే బొమ్మలు వేసే వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు ఇచ్చారు. చూసుకోకుండా పోసేశాను. రెండో రోజుకే పెన్ను రాయడం మానేసింది. నా పెన్ను ఇక పనికిరాదా?
- బ్యాంకు ఉద్యోగి, సిద్దిపేట

జవాబు: రెండు రోజులే కదా, ఆశ వదులుకోకండి. పాత రకం డ్రాయింగ్ ఇంకులో మసితో పాటు లక్క కలుస్తుంది. ఆ లక్క ఆరిపోయి పాళీ కింద ఉండే సన్నని గాళ్ళలో గట్టిపడుతుంది, మీ పెన్ను ఆగిపోయింది అందుకే. ఈ రోజే మిగిలిన ఇంకు పారబోసి, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క కలిపి, పీల్చి వదులుతూ ఉండండి. మధ్యలో కొన్ని గంటలు నాననివ్వండి. నీళ్ళలో నలుపు వస్తున్నంత సేపూ పని జరుగుతున్నట్టే. రెండు రోజులు కడిగినా ధార రాకపోతే పాళీని పట్టకారుతో లాగకండి, పెన్నులు బాగుచేసే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. స్పిరిట్, గోళ్ళ రంగు తీసే ద్రావకం ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. అవి ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి, ఆ నష్టాన్ని ఎవరూ సరిచేయలేరు.

ప్రశ్న: దుకాణదారు మన దేశపు ఇంకులు పెన్నును తినేస్తాయని, విదేశీ ఇంకే కొనాలని అంటున్నాడు. ఆ సీసా ధర చూస్తే గుండె ఆగినంత పనైంది. ఇన్నాళ్ళూ చవక ఇంకు పోసి పెన్నుకు హాని చేశానా?
- ప్రైవేటు స్కూలు టీచరు, ఒంగోలు

జవాబు: ఏ హానీ చేయలేదు మాస్టారూ. చవక సీసాకూ ఖరీదు సీసాకూ తేడా రంగుల ఛాయల్లో, ఆరే తీరులో, సీసా అందంలో ఎక్కువగా ఉంటుంది. మన దేశంలో ఇంకు తయారీ స్వదేశీ ఉద్యమ కాలం నాటిది. బెంగాల్లో సులేఖ ఇంకు 1934లో మొదలైంది. మధ్యలో మూతపడినా ఇప్పుడు మళ్ళీ తయారవుతోంది. చెల్‌పార్క్, బ్రిల్, కామెల్ సీసాలతో మన బడులు, కచేరీలు దశాబ్దాల పాటు నడిచాయి, ఆ ఇంకులు తాగిన పెన్నులు ఎన్నో నేటికీ రాస్తున్నాయి. మీ పెన్ను సాఫీగా రాస్తూ, కడిగితే శుభ్రపడుతుంటే అదే ఇంకు కొనసాగించండి. ఆ డబ్బుతో మంచి నోటుపుస్తకం కొనుక్కుంటే రాత ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: బడి రికార్డుల్లో ఇంకు పెన్నుతో రాస్తే అక్షరాల చుట్టూ వేళ్ళు పాకినట్టు ఇంకు పాకుతోంది, వెనక పేజీకి దిగుతోంది. ఇంట్లో డైరీలో మాత్రం అదే పెన్ను చక్కగా రాస్తుంది. మూడు ఇంకులు మార్చాను. పెన్నులోనే లోపం ఉందేమోనని భయంగా ఉంది.
- ప్రధానోపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉందమ్మా. డైరీలో బాగా రాస్తోంది కాబట్టి పెన్ను నిక్షేపంలా ఉంది, లోపం కాగితానిది. కాగితం తయారుచేసేటప్పుడు ఇంకు లోపలికి ఇంకిపోకుండా జిగురు లాంటి పదార్థం కలుపుతారు. చవక కాగితంలో అది తక్కువ, అందుకే అక్షరం పడగానే పీచుల వెంట ఇంకు పరుగెడుతుంది. కాగితం మందంగా ఉంటే చాలనుకుంటాం కానీ, జిగురు తక్కువైన మందపాటి కాగితం కన్నా జిగురు సరిగా పట్టిన పల్చటి కాగితమే ఇంకుకు మంచిది. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్ళలో, కాగితం గాలిలోని చెమ్మ పీల్చుకుని ఇంకా ఎక్కువ పాకిస్తుంది. రికార్డు పుస్తకాలను బీరువా అడుగున కాకుండా పొడి చోట పెడితే కొంత తేడా కనిపిస్తుంది.

సర్కారు కాగితాన్ని మీరు మార్చలేరు కాబట్టి రెండు పనులు చేయండి. ఒకటి, ఆ పనికి సన్న పాళీ ఉన్న పెన్ను కేటాయించండి. లావు పాళీ వదిలే ఇంకును ఆ కాగితం మోయలేదు. రెండు, తక్కువగా పారే ఇంకు ఎంచుకోండి. పెలికన్ 4001 వరుసకు ఆ పేరుంది. కొత్త పుస్తకం చేతికి రాగానే చివరి పేజీలో ఒక వాక్యం రాసి, పేజీ తిప్పి చూసే అలవాటు చేసుకోండి. వెనకవైపు నీడలా కనిపించడం మామూలే. చుక్కలు చుక్కలుగా అవతల పేజీకి అంటుకుంటుంటే మాత్రం ఆ పుస్తకంలో బాల్ పెన్ను వాడటమే మేలు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంకు పెన్ను ప్రేమికులకు ఈ మాట రుచించదని నాకు తెలుసు. అయినా బడి రికార్డు పదేళ్ళ తర్వాత కూడా చదవగలిగేలా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం.

ప్రశ్న: నల్ల ఇంకుతో రాసిన చెక్కులు చెల్లవని రిజర్వ్ బ్యాంకు చెప్పినట్టు వాట్సాప్‌లో వచ్చింది. మొన్ననే మా అమ్మాయి కాలేజీ ఫీజుకు నల్ల ఇంకుతో చెక్కు ఇచ్చాను. వెనక్కి వస్తుందా?
- చిరు వ్యాపారి, విజయవాడ

జవాబు: నల్ల ఇంకు అన్న కారణంతో రాదు, స్థిమితపడండి. చెక్కుకు ఫలానా రంగే వాడాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టలేదు. ఇప్పుడు చెక్కుల ఫొటోలే బ్యాంకుల మధ్య తిరుగుతాయి కాబట్టి ఫొటోలో స్పష్టంగా కనిపించే ఇంకుతో, కొట్టివేతలు లేకుండా రాయమని చెబుతుంది. మీరు భయపడాల్సిన ఇంకు వేరే ఉంది, అది వాషబుల్ బ్లూ. జర్మనీ బడి పిల్లలు రాయల్ బ్లూతో రాసిన తప్పును ఒక చెరిపే పెన్నుతో గీసి మాయం చేస్తారు. పిల్లల నోటుపుస్తకానికి అది గొప్ప సుగుణం, చెక్కు మీద అంకెకు మాత్రం పెద్ద ప్రమాదం. చెక్కులకు, ప్రామిసరీ నోట్లకు పర్మనెంట్ అని ఉన్న ఇంకో, బాల్ పెన్నో వాడండి.

ప్రశ్న: పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. నాకు ఇంకు పెన్నుతోనే చేతిరాత బాగా వస్తుంది. దాంతో రాయనివ్వరేమోనని దిగులుగా ఉంది.
- విద్యార్థి, కర్నూలు

జవాబు: దిగులు వద్దు బాబూ. హాల్ టికెట్ మీద, జవాబు పుస్తకం మీద ఉన్న సూచనలు ఒకసారి చదివి, మీ సారుతో కూడా మాట్లాడు. వాళ్ళు సరేనంటే రోజూ వాడే నీలం ఇంకుతోనే రాయి, పరీక్ష వారంలో కొత్త ఇంకు ప్రయోగాలు చేయకు. గుండ్రాలు నింపే ఓఎంఆర్ పత్రం ఉంటే అక్కడ మాత్రం చెప్పిన బాల్ పెన్నే వాడాలి. పెన్ను నిండా ఇంకు పోసుకుని, తోడుగా ఒక బాల్ పెన్ను జేబులో పెట్టుకో.

ప్రశ్న: మా తాతగారి రాజమండ్రి పెన్ను నా చేతికొచ్చింది. డ్రాపర్‌తో గొట్టంలోకి నేరుగా ఇంకు పోసే రకం. నాలుగు రోజులు ముత్యంలా రాస్తుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి పేజీ మీద పెద్ద బొట్టు కక్కుతుంది. గొట్టం పగిలిందా? ఇంకు పల్చనైందా? తాతగారి వస్తువు పాడుచేస్తున్నానేమోనని బాధగా ఉంది.
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీరు ఏమీ పాడుచేయడం లేదు, పగులు కూడా ఉండకపోవచ్చు. బొట్టు నాలుగు రోజుల తర్వాతే పడుతోందన్నారు, అసలు సంగతి అదే. రాస్తున్న కొద్దీ గొట్టంలో ఇంకు తగ్గి, ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. మీ చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి మిగిలిన ఇంకును ముందుకు తోస్తుంది, బొట్టు పడేది అప్పుడే. ఎండాకాలం ఏసీ గదిలోంచి బయటికొచ్చి రాసేటప్పుడు ఇది మరీ ఎక్కువ. మూడో వంతు ఇంకు మిగిలి ఉండగానే మళ్ళీ నింపుకోవడం దీనికి మందు. రాసే ముందు పాళీ పైకి ఉండేలా నిమిషం పాటు గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుంటే వేడెక్కిన గాలి పాళీ గుండా బయటికి పోతుంది, ఇంకు మాత్రం కిందే ఉంటుంది.

రాజమండ్రిలో రత్నం పెన్నులు పుట్టింది స్వదేశీ వస్తువు కావాలన్న గాంధీగారి ప్రేరణతో, 1930లలో. అక్కడి పెన్నులకు ఎక్కువగా వాడే ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. మూత తీయగానే కొద్దిగా గంధకం వాసన వస్తే అది సహజం. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టకండి, కిటికీ ఎండలో ఉంచకండి, నిగనిగలాడే నలుపు పాకుడు రంగుకు తిరుగుతుంది. ఇంకు విషయానికొస్తే మామూలు వాషబుల్ బ్లూ చాలు. ఇలాంటి పెన్నులో ఒకేసారి చాలా ఇంకు పడుతుంది కాబట్టి, బొట్టు పడినా బట్టల మీంచి పోయే ఇంకే నయం. మరలు ఉన్న చోట సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. అది రాసినా మర దగ్గర చేతికి తడి తగులుతుంటే అప్పుడు పగులు కోసం వెతకాలి.

ప్రశ్న: నేను దస్తావేజులు రాస్తాను. ఒకరు ఇచ్చిన బ్లూ-బ్లాక్ ఇంకు రాసేటప్పుడు పల్చటి నీలంగా ఉంది. మర్నాడు చూస్తే దాదాపు నలుపు! కల్తీ ఇంకు అంటగట్టారా? కాగితాలు పాడవుతాయా?
- దస్తావేజు లేఖరి, తెనాలి

జవాబు: కల్తీ కాదు, మీ చేతికి మంచి ఇంకే వచ్చింది. అందులో ఇనుప లవణం, చెట్టు కాయల్లో ఉండే వగరు పదార్థం ఉంటాయి. కాగితం మీద గాలి తగలగానే రెండూ కలిసి నల్లబడి, నీళ్ళకు చెదరని గీతగా పీచులో నాటుకుంటాయి. మన శ్రీకాళహస్తి కలంకారీలో జరిగేదీ ఇదే. అక్కడ బట్టను కరక్కాయ, పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన ద్రవంతో గీత గీయగానే కరక్కాయ పట్టిన చోట నల్లబడుతుంది. దస్తావేజుకు కావలసిన గుణం సరిగ్గా ఇదే కాబట్టి నిశ్చింతగా వాడండి.

ఈ ఇంకుకు పులుపు స్వభావం ఉంది. బంగారు పాళీని ఏమీ చేయదు, ఉక్కు పాళీని మాత్రం ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే మెల్లగా తింటుంది. మూడు నాలుగు వారాలకోసారి పెన్ను కడిగితే చాలు. పాత కాలపు ఘాటైన ఇనుప ఇంకులు కాగితాన్ని చిల్లులు పొడిచిన దస్త్రాలు ఐరోపాలో చాలా ఉన్నాయి, నేటి పెన్ను ఇంకులు అంత ఘాటుగా ఉండవు. సీసా అడుగున నల్లటి మడ్డి పేరుకుంటే మాత్రం ఆ సీసా ఇక పెన్నుకు పనికిరాదు. బ్లూ-బ్లాక్ అని పేరున్న ప్రతి ఇంకులోనూ ఇనుము ఉండదు, కాబట్టి మరో సీసా కొనేటప్పుడు కాగితం మీద రాసి, ఆరాక నీళ్ళ చుక్క వేసి చూడండి.

ప్రశ్న: నాన్నగారు 1970లలో అమ్మకు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు వెలిసిపోతున్నాయి. కొన్ని చోట్ల అక్షరం కనబడటం లేదు. నేను ఇరవై ఏళ్ళుగా నీలం ఇంకుతోనే డైరీ రాస్తున్నాను. అదీ ఇలాగే మాయమైపోతుందా? ఉత్తరాల మీద మళ్ళీ దిద్దవచ్చా? లామినేషన్ చేయించనా?
- గృహిణి, తిరుపతి

జవాబు: దయచేసి దిద్దకండమ్మా, లామినేషన్ అసలే వద్దు. ఆ వేడి, ఆ జిగురు కాగితంలోకి దిగితే మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఈ వారమే పగటి వెలుగులో, ఎండ నేరుగా పడని చోట, ఒక్కో ఉత్తరాన్నీ ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరు ముగ్గురి దగ్గర దాచండి. తర్వాత ఉత్తరాలను మడతలు విప్పి, మామూలు కవరులో, చీకటిగా పొడిగా ఉండే బీరువాలో పెట్టండి. నీలం రంగుకు అన్నిటికన్నా పెద్ద శత్రువు వెలుతురు. గోడకు ఫ్రేము కట్టిన ఉత్తరం, పెట్టెలో ఉన్న ఉత్తరం కన్నా ఎంతో ముందు వెలిసిపోతుంది.

మీ డైరీ మూసి ఉంటుంది కాబట్టి రాత్రికి రాత్రి ఏమీ కాదు. రాసిన కొత్తలో కన్నా కొంచెం పల్చబడటం నీలం ఇంకుకు సహజం. నీళ్ళు పడితేనో, చెమ్మ చేరితేనో మాత్రం పేజీలు పోవచ్చు, పాత డైరీలను నేల మీది పెట్టెల్లో ఉంచకండి. ఇక ముందు మనవలు చదవాలనుకున్న పేజీలకు మసి ఇంకు వాడి చూడండి. ప్లాటినం కార్బన్ బ్లాక్ లాంటివి పెన్నుల కోసమే మసిని అతి మెత్తగా నూరి చేసినవి. గంటంతో గీసి మసి రుద్దిన తాళపత్రాలు శతాబ్దాల తర్వాత కూడా చదవగలుగుతున్నామంటే ఆ మసి వెలుతురుకు లొంగకపోవడం వల్లే. ఈ ఇంకు పెన్నులో ఆరిపోతే తీయడం కష్టం. రోజూ రాసే అలవాటు మీకు ఎలాగూ ఉంది కాబట్టి, రెండు మూడు వారాలకోసారి కడిగితే సరిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి తెల్ల యూనిఫాం జేబు మొత్తం ఇంకు అయింది. బ్లీచింగ్ పౌడర్ వేస్తే పోతుందని పక్కింటావిడ అంటోంది. వేయనా?
- ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: ఆగండి, ముందు చన్నీళ్ళు చాలు. మరక కింద పాత గుడ్డ పెట్టి, పైనుంచి చన్నీళ్ళు పోస్తూ అద్దండి, రుద్దకండి. తర్వాత సబ్బుతో ఉతకండి. పిల్లలు వాడే వాషబుల్ బ్లూ అయితే రెండు మూడు ఉతుకుల్లో పోతుంది. ఇనుము ఉన్న బ్లూ-బ్లాక్ అయితే బ్లీచింగ్ వేయగానే నీలం పోయి తుప్పు రంగు మరక నిలిచిపోతుంది. దానికి నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఉంచి జాడించాలి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టకండి.

ప్రశ్న: అటక మీద పాత ఇంకు సీసా దొరికింది. లోపల తెల్లటి దారాల్లా తేలుతున్నాయి, బూజు వాసన. తెలియక కొంచెం పెన్నులో పోశాను కూడా. ఇప్పుడేం చేయాలి?
- పోస్టాఫీసు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: పెన్నుకు ప్రాణాపాయం ఏమీ లేదు, ఈ రోజే కడిగేయండి. ఆ దారాలు బూజు. కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక చుక్క సబ్బు ద్రవం వేసి చాలాసార్లు పీల్చి వదిలి, మంచి నీళ్ళతో జాడించి, ఒక రోజంతా ఆరబెట్టండి. సీసా మాత్రం పారేయండి, వడకట్టి వాడాలని చూడొద్దు. బూజు ఆ పెన్ను ద్వారా మీ మిగతా సీసాలకు కూడా పాకుతుంది. ఆసుపత్రిలో వచ్చే మందు వాసన లాంటిది వస్తే భయపడకండి, అది బూజు పట్టకుండా కలిపే పదార్థం వాసన. అనుమానించాల్సింది ముక్కిన వాసన వచ్చినప్పుడు, తేలే పోగులు కనబడినప్పుడు.

ప్రశ్న: ఒక కంపెనీ నీలం, ఇంకో కంపెనీ ఎరుపు కలిపి ఊదా రంగు చేసి పెన్నులో పోశాను. సగం పేజీకే ఆగిపోయింది. నా వల్లే పాడైందా అక్కా?
- ఎనిమిదో తరగతి అమ్మాయి, నెల్లూరు

జవాబు: పాడవలేదమ్మా, ఏడవకు. కొన్ని ఇంకులు పులుపు స్వభావం, కొన్ని క్షార స్వభావం గలవి. రెండూ కలిస్తే రంగు ముద్దలు కట్టి పాళీకి అడ్డం పడుతుంది. ఎక్కువసార్లు నీళ్ళతోనే పోతుంది, కడిగి చూడు. మళ్ళీ కలపాలనిపిస్తే ఒకే కంపెనీవి తీసుకుని, చిన్న గాజు సీసాలో కలిపి వారం రోజులు ఉంచు. అడుగున మడ్డి దిగకపోతే అప్పుడు చవక పెన్నులో పోయి.

ప్రశ్న: నాకు ఆకుపచ్చ ఇంకు ఇష్టం. ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. గెజిటెడ్ అధికారి కాకుండా ఆ రంగు వాడితే చర్య తీసుకుంటారని సీనియర్లు అన్నారు.
- ప్రభుత్వ ఉద్యోగి, ఏలూరు

జవాబు: ఇంట్లో, డైరీలో, స్నేహితుల ఉత్తరాల్లో మీ ఇష్టం, ఎవరూ అడ్డు చెప్పలేరు. ఫైళ్ళ మీద మాత్రం సీనియర్ల మాట వినండి. కేంద్ర సచివాలయ కార్యాలయ పద్ధతుల పుస్తకం ఆకుపచ్చ, ఎరుపు ఇంకులను జాయింట్ సెక్రటరీ, ఆ పై అధికారులకే, అదీ అరుదైన సందర్భాలకు కేటాయించింది. మీ శాఖ నియమం ఏమిటో సూపరింటెండెంటు గారిని అడిగితే చెబుతారు. ఇదివరకు ఒకటి రెండు చోట్ల రాసినందుకు గుండెలు బాదుకోకండి, రేపటి నుంచి నీలం వాడితే సరి.

ప్రశ్న: మా పాప ఎడమ చేత్తో రాస్తుంది. ఇంకు పెన్ను ఇస్తే చెయ్యి రాత మీదుగా జరిగి పేజీ అంతా పులుముతోంది. మా అత్తగారు చెయ్యి మార్పించమంటున్నారు.
- ఒక తల్లి, రాజాం

జవాబు: చెయ్యి మార్పించకండి, ఇంకు మార్చండి. ఎడమ చెయ్యి లోపం కాదు. తడి రాత మీద చెయ్యి పడటం వల్లే పులుముతోంది. సన్న పాళీ, త్వరగా ఆరే ఇంకు ఇవ్వండి. 1931లో వచ్చిన క్వింక్‌ను పార్కర్ త్వరగా ఆరే ఇంకుగానే పరిచయం చేసింది. పుస్తకాన్ని కుడివైపుకు కొంచెం వాలుగా పెట్టి, చెయ్యి గీతకు కింద ఉండేలా చూపించండి, మొదట్లో అద్దుడు కాగితం ఇవ్వండి. వేళ్ళకు అంటిన నీలం గురించి కూడా బెంగ వద్దు. ఓటు వేసినప్పుడు పూసే ఇంకులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది కాబట్టి చర్మం, గోరు పెరిగేదాకా పోదు. ఇది మామూలు రంగు, రెండు రోజుల స్నానాలతో పోతుంది.

ప్రశ్న: ఎండాకాలం మొదలైతే నా పెన్ను పొద్దున తీయగానే రాయదు. నాలుగు గీతలు గీకితే గానీ ఇంకు రాదు. ఒకోసారి పాళీని నేలకు నొక్కి గీస్తున్నాను. ఇంకు చిక్కబడిందా? నీళ్ళు కలపనా?
- రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఆ ఎండల్లో రాత్రంతా ఉన్న పెన్ను పొద్దున ఒకటి రెండు గీతలు తడబడటం మామూలే. మూతలో సన్న సందు ఉంటే పాళీ కొసన ఇంకు ఆరుతుంది. తడిగుడ్డతో పాళీ కొస అద్దితే చాలు. నేలకు మాత్రం ఇంకెప్పుడూ గీయకండి, పాళీ కొస ఒకసారి వంకరపోతే దాన్ని తిన్నగా చేయడం పనివాళ్ళకే కష్టం. బోరు నీళ్ళు ఇంకులో కలపకండి, ఆ నీళ్ళలోని ఉప్పులు సన్నని గాళ్ళలో పేరుకుంటాయి. సీసాలో ఇంకు నిజంగా చిక్కబడితే మందుల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ కొన్ని చుక్కలు కలిపి రాసి చూడండి. నెలకోసారి కడుగుతున్నా, మూత గట్టిగా పడుతున్నా రోజూ పదేసి గీతలు గీకాల్సి వస్తుంటే లోపం ఇంకులో లేదు. పెన్నును ఒకసారి పనివాళ్ళకు చూపించండి.